నూట పదిహేడులో ఇంకొకరు

మా ఓనరు గడప దాటితే చాలు, ఆఫీసులో నెట్టు పోయేది. ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాక చూస్తే అంతా బ్రహ్మాండంగా నడిచేది. అలాంటి ఆఫీసులో నెట్టు మీద పనిచేసే మనిషి మీరే అయితే, మిమ్మల్ని ఎవరు నమ్ముతారు? ఆయన నన్ను నమ్మలేదు. నేనూ ఎవర్నీ నమ్మలేదు. ఆ వేసవంతా మేం ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ గడిపాం.

పూర్ణా మార్కెట్ దగ్గర ఉల్లిపాయల కొట్ల మీద, మేడమెట్లు ఎక్కితే వచ్చేది మా ఆఫీసు. ఓడల్లో దిగిన సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించే క్లియరింగ్ ఏజెంటు మా ఓనరు. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి, అది వదిలేసి ఈ వ్యాపారం పెట్టుకున్నాడు. ఆయన కాక ఇద్దరమే. ఒకడు డాక్ క్లర్కు. పొద్దున్నే కాగితాల సంచీతో పోర్టుకి పోయి, చొక్కా కాలరు మీద బొగ్గుపొడితో తిరిగొచ్చే ఈ ఊరి మనిషి. నన్ను చెల్లీ అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. రెండోది నేను. సరుకు వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించి కస్టమ్స్‌కి పంపడం నా పని. అంతకుముందు ఆ కాగితాలు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగేవాళ్ళట. నేను చేరేసరికి అన్నీ నెట్టు మీదే పంపాలని వచ్చింది. అందుకే నన్ను పెట్టుకున్నాడు.

ఎవరి సిఫారసూ లేకుండా నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. మా నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు. చర్చిలో ఎవరు పలకరించినా "మా అమ్మాయి పోర్టు కాగితాలన్నీ కంప్యూటర్లో చేస్తుంది" అని అడగకుండానే చెప్పేవాడు. నాకు సిగ్గేసేది, సంతోషంగానూ ఉండేది.

టెలిఫోను వాళ్ళు బ్రాడ్‌బ్యాండు ఇచ్చిన కొత్తలో, దాన్ని బిగించడానికి ఒక నెట్ మెకానిక్ వచ్చాడు. ఆఫీసులో రెండు కంప్యూటర్లు. ఒకటి నాది. రెండోది, ప్రింటరు తగిలించినది, డాక్ క్లర్కు బల్ల మీద ఉండేది. నెట్టుని కంప్యూటర్లకి పంచే రూటరు డబ్బా, ఎవరు ముందు కంప్యూటరు ఆన్ చేస్తే వాళ్ళకి ఏదో ఒక నంబరు, టోకెన్ ఇచ్చినట్టు ఇచ్చేస్తుందట. ఆ నంబరే కంప్యూటరుకి అడ్రసు. రోజూ అడ్రసు మారితే నా కంప్యూటరుకి ప్రింటరు ఎక్కడుందో దొరకదు. కాబట్టి ఇద్దరికీ మారని అడ్రసులు పెట్టేస్తానన్నాడు.

"ముందున్న అంకెలన్నీ అందరికీ ఒకటేనండి. సివర్న ఉన్నదొక్కటే మనిష్టం. రెండూ మూడూ పెట్టీనా?" అని అడిగాడు.

మా ఓనరు చటుక్కున కేబిన్లోంచి లేచొచ్చాడు. "మన ఇష్టమేనా? అయితే నూట పదిహేడు పెట్టవయ్యా."

మెకానిక్ ఎందుకని అడగలేదు. ఈ ఊళ్ళో నంబర్ల పిచ్చి అతనికి కొత్త కాదు. అడిగి ఉంటే మా ఓనరు చెప్పేవాడే. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలి. పోర్టు ఉద్యోగం వదిలిన ఏడాది కొన్న స్కూటరు నంబరు నూట పదిహేడు, దాంతో ఆయన దశ తిరిగింది. ఆ తరవాత కొన్న కారుకీ, ఆటోనగర్‌లో బాడీ కట్టించిన, కంటైనర్లు మోసే ట్రాలరు లారీకీ రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి మరీ అదే నంబరు సంపాదించాడు. ఇప్పుడు నా కంప్యూటరుకీ అదే. క్లర్కు కంప్యూటరుకి నూట ఇరవై ఆరు. అదీ కూడితే తొమ్మిదే. మెకానిక్ తల ఊపి, టకటకా కొట్టేసి, రూటరు పేజీ ఎలా తెరవాలో నాకు చూపించాడు. బ్రౌజర్లో దాని అడ్రసు కొట్టాలి, పేరు అడిగితే అడ్మిన్, పాస్‌వర్డ్ అడిగినా అడ్మినే. కొబ్బరికాయ కొట్టారు. రూటరుకి బొట్టు పెట్టి కేబిన్లో బీరువా మీద కూర్చోబెట్టారు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తరవాత, పరవాడ వైపు ఫ్యాక్టరీకి యంత్రాల విడిభాగాలు తెప్పించే పార్టీ ఒకటి ఉన్నట్టుండి మమ్మల్ని వదిలేసి వేరే ఏజెంటు దగ్గరికి పోయింది. ఎందుకు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఓనరు మాత్రం ఆ రోజు నుంచే మాట తగ్గించేశాడు. ఫోనులో మాట్లాడుతూ నేను కనిపిస్తే గొంతు దించేవాడు. నా బల్ల మీది కాగితాలు బోర్లా పెట్టి వెళ్ళమనేవాడు. బయటికి వెళ్ళేటప్పుడు కేబిన్ తలుపు దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వెళ్ళి, ఒక స్విచ్ వేసి, అప్పుడు తాళం వేసేవాడు. లోపల దేవుడి పటం ముందు ఎర్ర లైటుండేది. అదే వేస్తున్నాడనుకున్నాం. వ్యాపారం తగ్గినప్పుడు భక్తి పెరగడం మామూలే కదా అని క్లర్కూ నేనూ నవ్వుకున్నాం కూడా.

ఇంచుమించు అప్పట్నుంచే నెట్టు తెగడం మొదలైంది. పూర్తిగా పోయినా బాగుండేది. సగం పని అయ్యాక ఆగేది, వచ్చేది, మళ్ళీ ఆగేది. నింపిందంతా పోయి, మొదటి నుంచి కొట్టుకోవాలి. అదీ ఆయన లేనప్పుడే. వచ్చాక చెబితే, నా కుర్చీ వెనక నిలబడి చూసేవాడు. అప్పుడు ఆ దిక్కుమాలిన నెట్టు పెళ్ళివారి ముందు కూర్చోబెట్టిన పిల్లలా ఒద్దికగా నడిచేది.

"నేను లేనప్పుడే పోద్దేంటమ్మా?" అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మెకానిక్‌ని పిలిచారు. అతను ఎప్పుడొచ్చినా మా ఓనరు ఉండగానే రావాలి, రూటరు కేబిన్లో కదా. ఆయన ఉన్నంతసేపూ నెట్టు బంగారం. బీరువా ఎక్కి చూసి దిగాడు. "వైరొకటి ఎక్కువుందండి, ఏటిది?" అని అడగడం నాకు వినిపించింది. "నా ల్యాప్‌టాప్‌ది" అన్నాడు ఓనరు. ఆయనకి ల్యాప్‌టాప్ ఉందన్న సంగతి నాకప్పుడే తెలిసింది. బయటికొచ్చి మెకానిక్ మా క్లర్కుతో, "నాను వొచ్చినప్పుడు బానే ఉంటాది బావ. రూటరు తప్పయితే నేదు. మరి మీ ఇద్దర్లో ఎవులేటి సేత్తన్నారో మీకే తెలియాల" అని మెట్లు దిగిపోయాడు. నా వంకైతే చూడలేదు.

నేను మొదట అనుమానించింది క్లర్కునే. అతని కాళ్ళ దగ్గర నుంచే నా వైరు వెళ్తుంది. బల్ల కింద చెప్పులు విప్పి కాళ్ళు ఆడించే అలవాటు అతనికి. రెండు రోజులు అతని కాళ్ళవైపే చూశాను. చివరికి అతనే, "ఏటి సెల్లీ, నా కాళ్ళకేసి సూత్తన్నావ్? ఏటైనా పుండు గానీ కనపడతందా?" అని అడిగాడు. ఏం చెప్పను? వైరు చూస్తున్నానన్నాను. మర్నాడు అతను పోర్టుకి పోయినప్పుడు కూడా నెట్టు పోయింది. అంటే అతను కాదు. పోనీ మెకానిక్ కావాలని చెడగొట్టి పెట్టాడా, మళ్ళీ మళ్ళీ పిలిపించుకోడానికి? కింద ఉల్లిపాయల కొట్టువాడు మా వైరుకి ఏమైనా తగిలించుకున్నాడా? మనసుకి ఒకసారి అనుమానం తగిలితే ఉల్లిపాయల మీదికి కూడా పోతుంది.

అప్పుడే ఒక మధ్యాహ్నం, ఓనరు బయటికి వెళ్ళిన కాసేపటికి, స్క్రీను మూల పసుపు పచ్చటి చీటీలా ఒకటి పైకి లేచింది. ఇంగ్లీషులో ఏదో ఉంది. చదివేలోపు పోయింది. మళ్ళీ వచ్చినప్పుడు చదివాను. ఈ నెట్‌వర్కులో ఇంకో సిస్టమ్‌కీ ఇదే అడ్రసు ఉంది అని దాని సారాంశం.

ఆ మాట చదివి నిజంగా భయమేసింది. ఆఫీసులో ఉన్నవి రెండే కంప్యూటర్లు. క్లర్కుది ఆపేసి ఉంది. మరి నా అడ్రసులో ఇంకొకరెవరు? సాయంత్రం మా ఓనరుతో చెప్పాను. ఆయన ముఖంలో రంగు మారింది. ఆ మారడాన్ని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను, బయటి దొంగెవరో మా నెట్టులో చొరబడ్డాడని కంగారు పడుతున్నాడనుకున్నాను.

"కంప్యూటర్లు సవాలక్ష చెబుతాయి. నీ పని చూసుకో" అన్నాడు.

ఆ వారం చివర్లో డాక్ క్లర్కు టీ గ్లాసు నా బల్ల మీద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "సెల్లీ, సెప్పకూడదు గానీ సెప్తన్నాను. వీధి సివర పెద్దాయన లేడా, ఆయన కాడ మన ఓనరు నీ గురించి అనేసేడు. నెట్టు పోయిందని దొంగేసాలేసి, ఆ టైంలో పార్టీల కాగితాలు పెన్‌డ్రైవులో ఎక్కించి బయటోళ్ళకి ఇచ్చెత్తన్నావంట. ఈ నెలాకరికి నిన్ను మానిపించెత్తాడంట."

వీధి చివర పెద్దాయన కూడా ఏజెంటే. ఆయన చెవిలో పడిందంటే పోర్టు వీధులన్నిటికీ తెలిసినట్టే. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. కాగితాలమ్ముకునే పిల్ల అని పేరొస్తే ఈ ఊళ్ళో ఏ ఏజెంటూ గుమ్మం ఎక్కనివ్వడు. చర్చి బయట మా నాన్న ఏం చెప్పుకుంటాడు? నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. పెన్‌డ్రైవు ఎలా ఉంటుందో కూడా సరిగ్గా చూడనిదాన్ని నేను.

నా అడ్రసులో చేరిన ఆ దొంగని నేనే పట్టుకుంటానని అప్పుడు అనుకున్నాను. పెద్ద తెలివేం కాదది, కోపంలో పుట్టిన ఆలోచన. అడ్రసు కొడితే రూటరు పేజీ వచ్చింది కదా. నా కంప్యూటరు ఆపేసి, పక్క కంప్యూటరు నుంచి నా అడ్రసే కొడితే? నేను లేని ఇంటి తలుపు కొట్టినట్టు. ఎవరూ పలక్కూడదు. పలికితే వాడే దొంగ.

మర్నాడు మా ఓనరు పోర్టుకి వెళ్తున్నానని చెప్పి, వెనక్కి వెళ్ళి స్విచ్ వేసి, తాళం వేసుకుని దిగిపోయాడు. క్లర్కు అప్పటికే పోర్టులో ఉన్నాడు. పసుపు చీటీ లేచేదాకా ఆగాను. లేచింది. నా కంప్యూటరు ఆపేశాను. వెళ్ళి క్లర్కు కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క అంకే కొట్టాను. చివర్న నూట పదిహేడు.

పేజీ తెరుచుకుంది. పేరు అడిగింది. అడ్మిన్. పాస్‌వర్డ్ అడిగింది. అడ్మిన్.

మొదట బూడిద రంగులో ఏదో కదిలింది. తరవాత ఫ్యాను రెక్క. దాని కింద రెండు బల్లలు. ఒక బల్ల ముందు ఒకమ్మాయి కూర్చుని ఉంది. వెనక నుంచి, పైనుంచి కనిపిస్తోంది. పొడుగు జడ, పచ్చ చున్నీ, చున్నీ ఒక కొస కుర్చీ మీంచి జారి నేల మీద పడి ఉంది. ఎవరీ అమ్మాయి అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. చున్నీ తీసుకుందామని వంగాను. కాసేపటికి ఆ అమ్మాయి కూడా వంగింది.

తల తిప్పి పైకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. చూశాను. నేను చేరినప్పట్నుంచీ తిరగని ఎగ్జాస్టు ఫ్యాను ఒకటి గోడలో ఉంది. దాని రెక్కల మధ్య నల్లగా ఒక కన్ను.

ఎన్ని రోజుల నుంచి చూస్తున్నాడు? వేసవి మధ్యాహ్నాలు ఎవరూ లేరని చున్నీ తీసి కుర్చీకి వేసుకునేదాన్ని. అన్నం తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేదాన్ని. ఒకసారి ఇంట్లో గొడవై వచ్చి బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. ఒంటరిగా ఉన్నాననుకున్న గంటలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

ఫోను మోగింది. ఓనరు.

"ఏంటమ్మా, ఆ కుర్చీలో కూర్చున్నావ్? నీ సిస్టమ్ ఎందుకు ఆపావ్?"

నా కంప్యూటరు ఆపేసరికి ఆయనకి కెమెరా బొమ్మ శుభ్రంగా, ఆగకుండా వస్తోంది మరి. ఆ ఆనందంలో ఏం అడుగుతున్నాడో చూసుకోలేదు.

"మీరెక్కడున్నారండీ?" అన్నాను.

"పోర్టులో."

"పోర్టులోంచి నేను ఏ కుర్చీలో ఉన్నానో కనిపిస్తుందాండీ?"

అవతల ఫోనులో కుక్కరు కూత వినిపించింది. నేను ఎగ్జాస్టు ఫ్యానుకేసి తిరిగి, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆయనే పెట్టేశాడు.

అరగంటలో వచ్చాడు. అప్పటికి క్లర్కు కూడా వచ్చి, నేను చూపించిన బొమ్మ ముందు నోరు తెరిచి కూర్చున్నాడు. "నాను తొంగోడం కూడా సూసేసేడా సెల్లీ?" అన్నది అతని మొదటి మాట. చూసే ఉంటాడు. కానీ నిద్రపోయేవాడి మీద అనుమానం రాలేదు, పనిచేసేదాని మీద వచ్చింది.

మా ఓనరు తల దించుకుంటాడనుకున్నాను. అలాంటిదేం లేదు. కెమెరా ఒక ఆదివారం పెట్టించాడట, నేను చర్చిలో ఉన్నప్పుడు. ఇంటి నుంచి చూడాలంటే దానికీ మారని అడ్రసు ఒకటి ఉండాలన్నాడట కెమెరా అమ్మినవాడు. ఏ నంబరు పెట్టమంటారని అడిగాడట.

"నూట పదిహేడు అన్నారు" అన్నాను.

"అంటే? నా స్కూటరుకి అదే, కారుకి అదే, ట్రాలరుకీ అదే. ఒక్కనాడైనా గుద్దుకున్నాయా?"

"బళ్ళకి ముందు అక్షరాలు వేరండీ. వీటికి ముందున్నవి కూడా ఒకటే. మీరు కెమెరా వేసినప్పుడల్లా నా నెట్టు పోయేది. నా నెట్టు నడిచినప్పుడు మీ బొమ్మ ఆగేది. ఆ బొమ్మ ఆగినంతసేపూ నేను కాగితాలు కాజేస్తున్నాననే కదా నన్ను దొంగనన్నారు?"

నిజం చెప్పాలంటే ఆయన ముఖం తేలికపడింది. ఇన్నాళ్ళ చిక్కు విడిపోయినందుకు ఆయనకి సంతోషంగా ఉంది. నన్ను చూసి చిరునవ్వు కూడా నవ్వాడు.

"అంతేనా! దీనికింత గొడవెందుకు? కెమెరాకి నూట ముప్ఫై అయిదు పెట్టించేద్దాం. అదీ తొమ్మిదే. నువ్వు నీ సీట్లోకెళ్ళి పనిచేసుకో."

కెమెరా తీసేస్తానని ఆయన అనలేదు. అనాలని ఆయనకి తోచనే లేదు. నా గొంతు కింద ఉల్లిపాయల కొట్టు దాకా వినబడేలా లేచింది. "మీ నంబరు మీరు మార్చుకోండి. నా పేరు మీద పెట్టిన మచ్చ ఎవరు తీస్తారు? వీధి చివర పెద్దాయనకి ఏ నోటితో చెప్పారో ఆ నోటితోనే కాదని చెప్పండి. నాకు మీ ఉద్యోగం అక్కర్లేదు." అన్నం డబ్బా తీసుకుని మెట్లు దిగేశాను. వెనక నుంచి "చెబుతానమ్మా, చెప్పనని ఎవరన్నారు?" అని ఆయన గొంతు వినిపించింది. నేను నమ్మలేదు.

చెప్పాడు. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, వానలు పడ్డాక వీధి చివర పెద్దాయనే డాక్ క్లర్కుతో కబురు పంపాడు, వచ్చి చేరమని. వెళ్ళాను. ముందే అడిగేశాను, నా గురించి విన్న మాటల సంగతేమిటని.

పెద్దాయన హాయిగా నవ్వాడు. "మీ పాత ఓనరే వొచ్చి సెప్పేడమ్మా. పిల్ల మంచిది, ఒక్క కాయితం బయటికి పోనేదు అన్నాడు. అంత కచ్చితంగా నీకెలా తెలుసయ్యా అని అడిగేను. నెలల తరబడి నా కళ్ళతో సూసేను బావా, నాను లేననుకుని కూడా ఆ పిల్ల తప్పు పని సెయ్యలేదు అన్నాడు. ఇంక అంతకన్నా ఏటి కావాలి?"

నేను అడిగిందే దొరికింది. నా పేరు తిరిగొచ్చింది. దానికి సాక్ష్యం ఆ ఎగ్జాస్టు ఫ్యానులోని కన్ను. చున్నీ, ప్రార్థన, ఏడుపు అన్నీ చూసి మరీ ఇచ్చిన మంచి సర్టిఫికెట్టు. సంతోషించాలో చెంప పగలగొట్టాలో తెలియక, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఇక్కడ కెమెరా ఉందాండీ?" అని అడిగాను.

"మనకెందుకమ్మా అలాటియ్యి? నమ్మకం మీద నడిసే ఆఫీసిది" అన్నాడు పెద్దాయన.

మంచి మనిషి. తరవాత ఆయన దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను, ఒక్కసారి కూడా మాట పడలేదు. కానీ ఆ మొదటి రోజు, ఆయన భోజనానికి వెళ్ళగానే తలుపు దగ్గరికి వేసి, కంప్యూటరు ముందు కూర్చుని, ఆ ఆఫీసులో ఉండగల అడ్రసులన్నీ ఒక్కొక్కటీ కొట్టి చూశాను. మొదట కొట్టింది నూట పదిహేడు.